ఘాటు ఫిర్యాదులోంచి లోపాన్ని ఏరుకోవడం

తీరిక వేళల్లో స్వచ్ఛందంగా సంగీత సాఫ్ట్‌వేర్ రాసేవారికి "మీ ప్రోగ్రాం పనికిమాలినది, రికార్డింగ్‌లో చిటపటలు తప్ప ఏమీ వినబడడం లేదు" అన్న ఫిర్యాదు వచ్చినప్పుడు, మొదటి సగాన్ని పక్కనపెట్టి ఆ చిటపటల గురించే జవాబు రాయడం మేలు. వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్, శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలుస్తోందో ఆ సంఖ్య) అడిగి, బఫర్ (శబ్దాన్ని కాసేపు నిల్వ ఉంచే తాత్కాలిక జాగా) పరిమాణాన్ని 128 శాంపిళ్ల నుంచి 512కు పెంచి చూడమనండి. చప్పుడు తగ్గితే, ప్రాసెసర్ శబ్దాన్ని సమయానికి అందించలేకపోతోందని ఇద్దరికీ అర్థమవుతుంది. తగ్గకపోతే ఆ ప్రాజెక్టు ఫైలు ప్రతిని పంపమని కోరండి. "ఉచితంగానే ఇస్తున్నాం కదా" అన్న మాట మాత్రం, ఎంత నిజమైనా, రాయకండి. 2019లో, సంగీతాన్ని స్వరలిపిలో రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్ రూపకల్పనను ఒక వీడియోలో తూర్పారబట్టిన మార్టిన్ కియరీకే తర్వాత దాని డిజైన్ బాధ్యతను అప్పగించారు (అంత పెద్దమనసు అందరికీ సాధ్యం కాకపోవచ్చు). 2022 డిసెంబరులో నాలుగో వెర్షన్ కొత్త రూపంతో వెలువడింది.