ఇంగ్లండ్‌లో అద్దె ఇంటి దగ్గర వేధింపులు మొదలైతే: వెళ్ళబోయే మన నెల్లూరు, ఒంగోలు పిల్లలకు

నెల్లూరు, కావలి, ఒంగోలు నుంచి చదువులకి, ఆస్పత్రి ఉద్యోగాలకి ఇంగ్లండ్ వెళ్ళేవాళ్ళు బయల్దేరే ముందు నన్ను చాలా విషయాలు అడుగుతుంటారు. ఏ ఊళ్ళో అద్దె తక్కువ, పచ్చళ్ళు ఎన్ని కిలోలు పట్టుకెళ్ళొచ్చు, చలికోటు ఇక్కడ కొనాలా అక్కడ కొనాలా అని. పక్కింటివాళ్ళో, వీధిలో కుర్రాళ్ళో వేధిస్తే ఏం చేయాలో మాత్రం ఎవరూ అడగరు. చాలా ఏళ్ళు అక్కడి అద్దె ఇళ్ళలో ఉండి వచ్చినదాన్ని కాబట్టి, అడక్కపోయినా చెప్తున్నాను. అందరికీ ఇలా జరుగుతుందని కాదు. ఎక్కువమందికి మంచి ఇరుగుపొరుగే దొరుకుతారు. కానీ జరిగినప్పుడు మనవాళ్ళు నోరు మూసుకుని భరించడం చూశాను. నాకు బాధ కలిగించేది అదే.

మన దగ్గర మాగుంట లేఅవుట్‌లో గొడవైనా, లాయర్‌పేటలో గొడవైనా ముందు ఇంటి ఓనర్‌కో, వీధిలో పెద్దమనిషికో చెప్తాం. ఆయన ఇద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడతాడు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కడం అంటే పరువు పోయినట్టే లెక్క. అక్కడ అలాంటి పెద్దమనిషి ఉండడు. మీరు చెప్పి, అది ఎక్కడో ఒకచోట నమోదైతేనే ఆ సంఘటన జరిగినట్టు. ఫోన్‌లో అమ్మ "ఎందుకులే అబ్బాయా, తలొంచుకుని నీ పని నువ్వు చూసుకో" అంటుంది. ఈ ఒక్క విషయంలో అమ్మ మాట వినొద్దు. మొదటిసారి జరిగినప్పుడే చెప్పండి.

ఏది చెప్పుకోదగ్గ విషయం అనే అనుమానం వస్తుంది. రాత్రిళ్ళు అదేపనిగా పెద్ద శబ్దాలు, తలుపు కొట్టి పారిపోవడం, చెత్తడబ్బా తన్నడం, మెట్ల దగ్గర తాగి బెదిరించడం, ఇవన్నీ అక్కడి చట్టం భాషలో యాంటీ సోషల్ బిహేవియర్ (ఏఎస్‌బీ) కిందికి వస్తాయి. దీనికి 2014లో ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. అదే పని మీ జాతి, మతం, వైకల్యం, లైంగికత, ట్రాన్స్‌జెండర్ గుర్తింపు మీద ద్వేషంతో చేస్తే అది హేట్ ఇన్సిడెంట్. కొట్టడం, బెదిరించడం, ఆస్తి పాడుచేయడం లాంటి నేరమైతే హేట్ క్రైమ్, దానికి కోర్టు శిక్ష పెంచుతుంది.

1993లో లండన్‌లో స్టీఫెన్ లారెన్స్ అనే నల్లజాతి కుర్రాణ్ణి బస్టాపు దగ్గర పొడిచి చంపారు. పోలీసులు ఆ కేసును ఎలా నీరుగార్చారో విచారించిన మాక్‌ఫర్సన్ నివేదిక 1999లో వచ్చింది. బాధితుడు గానీ, చూసిన ఇంకెవరైనా గానీ ఇది జాతి ద్వేషం అనుకుంటే పోలీసులు అలాగే నమోదు చేయాలని అది చెప్పింది. కాబట్టి "వాళ్ళు నిజంగా నా రంగు చూసే అన్నారా" అని మీలో మీరు కొట్టుమిట్టాడక్కర్లేదు. మీకు అలా అనిపించిందని చెప్పండి. కోర్టులో శిక్ష పడాలంటే సాక్ష్యం కావాలి, అది వేరే మెట్టు.

ప్రమాదం అప్పుడే, అక్కడే ఉంటే 999. మాట్లాడే వీలు లేకపోతే మొబైల్ నుంచి 999 చేసి, నొక్కమని అటునుంచి వినబడినప్పుడు 55 నొక్కండి, కాల్ పోలీసులకు వెళ్తుంది. అంత అత్యవసరం కాకపోతే 101, దానికి డబ్బులు పడవు. పోలీసుల వెబ్‌సైట్లోనూ, ట్రూ విజన్ అనే సైట్లోనూ కూడా రాసి పంపొచ్చు. ఇంగ్లిష్‌లో తడబడతామని భయముంటే "తెలుగు ఇంటర్‌ప్రిటర్ ప్లీజ్" అనండి, బాధితులకు ఆ హక్కు ఉంది. ఫోన్ పెట్టేసే ముందు రిఫరెన్స్ నంబర్ అడిగి రాసుకోండి. ఆ నంబర్ లేకపోతే తర్వాత ఎవరికి చెప్పినా మళ్ళీ మొదటికొస్తుంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన పని, రాసిపెట్టుకోవడం. పొద్దున లేచేసరికి కిటికీ అద్దం మీద కోడిగుడ్లు పగలగొట్టి ఉన్నాయనుకోండి. మనవాళ్ళు వెంటనే బకెట్, గుడ్డ పట్టుకుని కడిగేస్తారు, నలుగురూ చూస్తే సిగ్గని. ఆగండి. ముందు దగ్గర్నుంచి ఒక ఫోటో, ఇంటి నంబర్ కనిపించేలా దూరం నుంచి ఒకటి తీసి, ఆ తర్వాత కడగండి. నోట్సులో "పక్కవాళ్ళు ఎప్పుడూ ఏడిపిస్తున్నారు" అని రాస్తే ఎవరికీ ఉపయోగపడదు. ఇలా రాయండి: "14వ తేదీ రాత్రి 11:40. ముగ్గురు కుర్రాళ్ళు, ఒకడికి ఎర్ర హుడీ. తలుపు రెండుసార్లు తన్నారు. 'గో హోమ్' అని అరిచారు. నాతో ఉండే అమ్మాయి కూడా విన్నది. 11:52కి 101కి ఫోన్ చేశాను." తిట్టిన మాట ఎంత చెత్తదైనా ఉన్నదున్నట్టు రాయాలి, మర్యాదగా మార్చొద్దు. డోర్‌బెల్ కెమెరా పెట్టాలంటే ఓనర్‌ని అడిగి, అది పక్కవాళ్ళ గుమ్మం వైపు కాకుండా మీ గుమ్మం వైపు తిరిగి ఉండేలా పెట్టండి.

పోలీసులతో పాటు కౌన్సిల్‌కీ, అంటే మన మునిసిపాలిటీ లాంటి దానికీ చెప్పాలి. ప్రైవేటు అద్దెలో ఉన్నా కౌన్సిల్‌కి ఫిర్యాదు చేయొచ్చు. కౌన్సిల్ ఇల్లో, హౌసింగ్ అసోసియేషన్ ఇల్లో అయితే ఆ సంస్థే పట్టించుకోవాలి, పట్టించుకోకపోతే అలాంటి ఫిర్యాదులు వినే హౌసింగ్ అంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్ళొచ్చు. ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ కదలకపోతే ఏఎస్‌బీ కేస్ రివ్యూ అని ఒకటుంది. మామూలుగా ఆరు నెలల్లో మూడు ఫిర్యాదులు ఉంటే అడగొచ్చు. అప్పుడు పోలీసులు, కౌన్సిల్, హౌసింగ్ వాళ్ళు కలిసి కూర్చుని మీ కేసు మళ్ళీ చూడాలి. అయితే ప్రతి ఫిర్యాదూ సంఘటన జరిగిన నెల రోజుల్లోపు చేసి ఉండాలి. ఓర్చుకుని ఓర్చుకుని ఏడాది తర్వాత చెప్తే ఈ లెక్కలోకి రాదు. మనసు కుదుటపడటానికి మాట్లాడేవాళ్ళు కావాలంటే విక్టిమ్ సపోర్ట్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, 0808 16 89 111.

ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమవుతుందో అనే భయం అందరికీ ఉంటుంది. చెల్లుబాటయ్యే వీసాతో ఉన్నవాళ్ళు బాధితులుగా ఫిర్యాదు చేస్తే వీసాకి ఏమీ కాదు. వీసాకి ముప్పు తెచ్చేది ఇంకొకటుంది. కోపంలో పదిమంది ఫ్రెండ్స్‌ని వేసుకుని వాళ్ళ ఇంటి మీదికి పోవడం. అక్కడ మీరు చెయ్యెత్తితే కేసు మీ మీద, శిక్ష పడితే రికార్డు మీది. పోవద్దు. వాట్సాప్ గ్రూపులో వీడియో పెట్టడం కూడా తర్వాత చూసుకోవచ్చు, ముందు పోలీసులకి పంపండి. ఒకే ఇంట్లో ఎక్కువమంది సర్దుకుని ఉండేవాళ్ళు, అగ్రిమెంట్‌లో పేరు లేనివాళ్ళు భయంతో అసలు నోరెత్తరు. అందుకే చేరిన రోజే మీ పేరు రాతపూర్వకంగా పెట్టించుకోండి.

మన వైపు కూడా చూసుకోవాలి. రాత్రి 11 నుంచి పొద్దున 7 దాకా మరీ ఎక్కువ శబ్దం చేస్తే అక్కడి చట్టం ప్రకారం కౌన్సిల్ చర్య తీసుకోవచ్చు. ఆ గోడలు పల్చన, ఇంటికి స్పీకర్లో ఫోన్ చేస్తే పక్కింటికి వినబడుతుంది. టపాకాయలు మామూలు రోజుల్లో రాత్రి 11 దాకే కాల్చాలి, దీపావళికి మాత్రం ఒంటిగంట దాకా కాల్చొచ్చు. సౌండ్ తగ్గించమని అడిగిన ముసలాయన మీద జాతి ద్వేషం ముద్ర వేయకండి. సారీ చెప్పి తగ్గిస్తే సరిపోతుంది.

ఇక్కడ ఉండే తల్లిదండ్రులకి ఒక మాట. 2024 జులై 29న సౌత్‌పోర్ట్‌లో చిన్నపిల్లల మీద కత్తిదాడి జరిగాక ఇంగ్లండ్‌లో చాలాచోట్ల అల్లర్లు జరిగాయి. టీవీలో అలాంటివి చూసినప్పుడు ఎంత టెన్షన్ పడతారో నాకు తెలుసు. ఇండియా నుంచి 999 కొడితే అక్కడికి పోదు. అందుకని మీ పిల్లల పూర్తి అడ్రస్ పోస్ట్‌కోడ్‌తో సహా, వాళ్ళతో ఉండే ఒకరిద్దరి ఫోన్ నంబర్లు, ఆ ఊరి పోలీసులకి విదేశాల నుంచి చేసే నంబర్ ముందే తీసుకుని డైరీలో రాసి పెట్టుకోండి. పిల్లలు ఏదైనా జరిగిందని చెప్తే, తిరిగి వచ్చెయ్ అనో, ఊరుకో అనో అనకుండా, రిపోర్ట్ చేశావా, నంబర్ ఇచ్చారా అని అడగండి.