జాతి నిర్మూలన పాఠం చెప్పాలంటే, రైలు ఎక్కకముందు పేజీల దగ్గర ఆగండి

మొదటిసారి ఈ పాఠాన్ని నేను అంకెతో మొదలుపెట్టాను. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో హిట్లర్ నాజీలు చంపిన యూదుల లెక్క, 60 లక్షలు, అని బోర్డు మీద రాసి, నెట్‌లో దొరికిన ఫొటోలు రెండు ప్రింటు తీయించి పిల్లల చేతికిచ్చాను. వెనక బెంచీ కుర్రాళ్లు వాటిని లాక్కుని లాక్కుని చూశారు. ముందు బెంచీలో ఒక అమ్మాయి తల వంచుకుని ఇంక ఎత్తలేదు, మధ్యాహ్నం భోజనం దగ్గర కంచం ముట్టలేదు. అంకె ఎవరి బుర్రకీ ఎక్కలేదు, ఫొటో మాత్రం ఆ పిల్లకి గుచ్చుకుంది. తప్పు నాదే. ఆ తర్వాతి ఏడాది నుంచి శవాల ఫొటోలు క్లాసులోకి తేవడం మానేసి, బతికి బయటపడిన ఒక మనిషి రాసుకున్న పుస్తకంతో చెబుతున్నాను. ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు తొమ్మిది, పది తరగతులకు చెప్పే తెలుగు టీచర్లెవరికైనా పనికొస్తుందని ఆ పద్ధతి రాస్తున్నాను.

పుస్తకం ఎలీ వీజెల్ రాసిన 'నైట్'. ఇంగ్లీషులో నూటికి కాస్త అటూ ఇటూ పేజీలు, వాక్యాలు చిన్నవి, టీచరు రెండు సాయంత్రాల్లో చదివేయొచ్చు. మొత్తం పుస్తకం పిల్లల చేత చదివించక్కర్లేదు. మీరు చదివి, కావలసిన నాలుగైదు చోట్లు మీ మాటల్లో తెలుగు చేసుకుని చెప్పండి. చరిత్ర మాస్టారుగా ఉంటూ సవర అనే గిరిజన భాష నేర్చుకుని, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పనిచేసిన పర్లాకిమిడి మాది, కాబట్టి గ్రాంథికం జోలికి పోకండి. వీజెల్ కూడా దీన్ని ముందు అక్కడి యూదులు ఇంట్లో మాట్లాడుకునే యిడ్డిష్‌లోనే రాశాడు. అది 1956లో వచ్చింది, ఫ్రెంచిలో 1958లో, ఇంగ్లీషులో 1960లో.

మన వైపు పిల్లలకు ఈ పుస్తకం దగ్గరవడానికి వేరే కారణం కూడా ఉంది. వీజెల్ పుట్టింది 1928లో, సిగెట్ అనే సరిహద్దు ఊళ్లో. ఆ ఊరు ఒకప్పుడు ఆస్ట్రియా-హంగరీలో, తర్వాత రొమేనియాలో, 1940లో మళ్లీ హంగరీలో, ఇప్పుడు తిరిగి రొమేనియాలో ఉంది. ఇంట్లో ఒక భాష, బజార్లో ఒకటి, ఆఫీసులో ఇంకొకటి. ఇది మన పిల్లలకు విడమరచి చెప్పక్కర్లేదు. 1936 ఏప్రిల్ 1న మద్రాసు నుంచి ఒడిశాలోకి వచ్చిన ఊరి పిల్లలు వాళ్లు, ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో సవర వింటూ పెరుగుతున్నారు. మొదటి క్లాసంతా ఈ ఊరికే ఇవ్వండి. బోర్డు మీద మ్యాపు గీసి, ఊరి పక్కన తిస్సా నది గీసి, వీజెల్ వాళ్ల నాన్నకి దుకాణం ఉండేదని, ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్నారని చెప్పండి. చావు మాట ఆ రోజు ఎత్తకండి.

రెండో క్లాసులో అసలు పని. ఒక బ్రౌన్ పేపర్ గోడకి అంటించి నడిమికి గీత కొట్టండి. ఎడమ పక్క 'ఏం జరిగింది', కుడి పక్క 'జనం ఏమనుకున్నారు'. ఎడమ పక్క మీరు చెబుతుంటే పిల్లలే రాయాలి. ముందు విదేశీ యూదులని కొందర్ని ఊరి నుంచి తీసుకుపోయారు. వాళ్లలో మోషే అనే బీదవాడు తప్పించుకుని తిరిగొచ్చి, అందరి చేతా గోతులు తవ్వించి తుపాకులతో కాల్చేశారని ఇంటింటికీ తిరిగి చెప్పాడు. కుడి పక్క: పిచ్చెక్కింది, జాలి కోసం చెబుతున్నాడు. 1944 మార్చిలో జర్మన్ సైన్యం హంగరీలోకి దిగింది, కొన్నాళ్లకి ఆఫీసర్లు సిగెట్‌కే వచ్చి యూదుల ఇళ్లలో దిగారు. కుడి పక్క: ఎంత మర్యాదగా ఉన్నారో, ఒకాయన ఇంటావిడకి చాక్లెట్ డబ్బా తెచ్చిచ్చాడు. తర్వాత వాళ్ల పండగ రోజుల్లోనే పెద్దల్ని అరెస్టు చేశారు, మూడు రోజులు ఇల్లు కదలొద్దన్నారు, బంగారం ఇచ్చేయమన్నారు, బట్టల మీద పసుపు నక్షత్రం కుట్టుకోమన్నారు. కుడి పక్క: నక్షత్రం పెట్టుకుంటే చస్తామా ఏంటి. తర్వాత హోటళ్లు బంద్, రైళ్లు బంద్, సాయంత్రం ఆరు దాటితే వీధిలోకి రాకూడదు. తర్వాత కంచె కట్టిన పేటలు. అక్కడ కూడా జనం, పోనీలే, మనవాళ్ల మధ్యే ఉన్నాం కదా అనుకున్నారు.

ఈ కాగితం నిండేసరికి క్లాసులో ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, "మాస్టారూ, మోషే చెప్పాడు కదా, ఎందుకు నమ్మలేదు?" అని. మీరు జవాబు చెప్పేయకండి. కుడి పక్క గడుల్ని పైనుంచి కిందకి ఒకరి చేత గట్టిగా చదివించండి, చాలు. ఒకో గడి విడిగా చూస్తే మన పెద్దాళ్లెవరైనా అనే మాటే. వీజెల్ వాళ్ల ఇంట్లో అంతకుముందు పనిచేసిన ఒకావిడ వచ్చి, మా పల్లెకి రండి, దాచిపెడతాను అని బతిమాలిన సంగతి కూడా ఇక్కడే చెప్పండి. తండ్రి వెళ్లనన్నాడు, పిల్లలు ఆయన్ని విడిచి వెళ్లలేకపోయారు. ఈ చోట ఆగి పిల్లల్ని కాసేపు మాట్లాడుకోనివ్వండి. గొడవగా ఉన్నా పర్లేదు.

మూడో క్లాసు చిన్నగా పెట్టుకోండి. పేటల్లోని యూదుల్ని రైల్లో, పశువుల బండిలాంటి పెట్టెకి 80 మంది చొప్పున ఎక్కించారు. ఆష్విట్జ్ అనే నాజీ శిబిరంలో దిగగానే మగాళ్లు ఎడమకి, ఆడాళ్లు కుడికి అన్నారు. పదిహేనేళ్ల వీజెల్‌కి అమ్మని, చిన్న చెల్లిని చూడ్డం అదే ఆఖరు, ఆ క్షణాన అతనికి ఆ సంగతి తెలీదు. అంతే చెప్పి, అతని చేతి మీద పొడిచిన నంబరు ఏ-7713 బోర్డు మీద రాసి ఆపండి. శిబిరాల్లో జరిగిన మిగతావన్నీ ఈ వయసుకి వివరంగా వద్దు. 1945 జనవరిలో తండ్రి బుకెన్‌వాల్డ్ అనే ఇంకో శిబిరంలో పోయాడనీ, ఏప్రిల్ 11న ఆ శిబిరం విడుదలైందనీ, 1986లో వీజెల్‌కి నోబెల్ శాంతి బహుమతి వచ్చిందనీ చెప్పండి.

అంకెలు ఇప్పుడు చెప్పండి, ఇప్పుడు ఎక్కుతాయి. 1944 మే 15 నుంచి జులై 9 దాకా, రెండు నెలలు కూడా నిండకుండా, హంగరీ నుంచి తరలించిన యూదులు దాదాపు 4,40,000 మంది.

మాట సంగతి కూడా తేల్చాలి. మన పేపర్లు బస్సు తగలబెట్టినా నరమేధం అంటాయి, కాల్పులు జరిగినా మారణహోమం అంటాయి. రెండూ యజ్ఞం నుంచి వచ్చిన మాటలు. యూదుల మీద జరిగిన ఈ ఘోరానికి ఇంగ్లీషులో వాడే హోలోకాస్ట్ అన్న గ్రీకు మాటకి కూడా మూలంలో పూర్తిగా దహించిన బలి అనే అర్థం, అందుకే చాలామంది యూదులు దాన్ని ఇష్టపడక విపత్తు అనే అర్థం వచ్చే షోవా అంటారు. పిల్లలకి జాతి నిర్మూలన అన్న మాటే ఇవ్వండి. రఫాయెల్ లెమ్కిన్ అనే పోలండ్ యూదు లాయరు, తన సొంత బంధువుల్లో 49 మందిని పోగొట్టుకున్నవాడు, 1944లో జెనోసైడ్ అన్న మాట తయారుచేశాడు. 1948 డిసెంబర్ 9న ఐక్యరాజ్యసమితి దానికి చట్టరూపం ఇచ్చింది. ఒక జాతినో మతాన్నో తెగనో పూర్తిగా గానీ కొంత గానీ లేకుండా చేయాలన్న ఉద్దేశం ఉండాలి, ఎక్కువమంది చచ్చిపోవడం ఒక్కటే చాలదు. ఇది అర్థమైతే 1994లో ఆఫ్రికాలోని రువాండాలో వంద రోజుల్లో జరిగిన టుట్సీ జాతి ఊచకోత కూడా పిల్లలకి వాళ్లంతట వాళ్లకే అర్థమవుతుంది.

రెండు ప్రశ్నలు మన దగ్గర తప్పకుండా వస్తాయి. ఒకటి స్వస్తిక్. గుమ్మానికి పసుపు కుంకుమలతో వేసేదే కదా అంటారు. మనది వేల ఏళ్లుగా ఉన్న శుభచిహ్నం, నాజీ పార్టీ 1920లో దాన్ని తన జెండా మీద పెట్టుకుంది, వాళ్ల వల్ల యూరప్‌లో అది చూస్తే జనం వణికిపోతారు అని సూటిగా చెప్పండి. రెండోది హిట్లర్. మన తెలుగులో స్ట్రిక్ట్ హెడ్మాస్టర్ని హిట్లర్ అని మురిపెంగా పిలుస్తారు. పిల్లలు ఆ మాట అంటే తిట్టకండి, ఏ-7713 ఇంకా బోర్డు మీద ఉంటే దాని వైపు చూపించండి.

నాటకం వేయించొద్దు, దయచేసి. నువ్వు సైనికుడు, నువ్వు ఖైదీ అని ఆడించడం చూశాను. సైనికుడైన పిల్లాడికి అది సరదా, ఖైదీ అయిన పిల్లకి అవమానం, నేర్చుకున్నది సున్నా. అలాగే ఊళ్లో ఏదో కులగొడవో మతగొడవో పిల్లలు తెస్తారు. నోరు మూయించకండి, కానీ ఇదీ అదీ ఒకటే అని కూడా ఒప్పుకోకండి. అది బ్రౌన్ పేపర్ ఎడమ పక్క రాసిన వాటిలో ఎక్కడ వస్తుందో, ఎక్కడ రాదో చూడమనండి.

పాఠాన్ని ఆఖరి పీరియడ్‌లో పెట్టకండి, పిల్లలు ఆ బరువుతో నేరుగా ఇంటికి పోతారు. తర్వాత ఒక ఆటల పీరియడ్ ఉండేలా చూసుకోండి, ఇంట్లో పెద్దాళ్లకి ముందే ఒక కాగితం పంపండి. బ్రౌన్ పేపర్ తీసేయకండి. మా క్లాసులో అది పరీక్షల దాకా గోడ మీదే ఉంది. కింద మిగిలిన ఖాళీలో, అప్పుడు భోజనం ముట్టని ఆ అమ్మాయి చెల్లెలు, ఈ ఏడాది క్లాసులో ఉంది, పెన్సిల్‌తో చిన్నగా 'మోషే' అని పేరు ఒక్కటి రాసింది. నేను చెరపలేదు.