ఒక్క లైనుకు హెడింగ్ ఇస్తే పేజీ అంతా హెడింగ్ అయిపోతుంటే
బయటి నుంచి తెచ్చి లిబ్రేఆఫీస్ రైటర్‌లో (వర్డ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్) పేస్ట్ చేసిన టెక్స్ట్‌లో ఒక్క లైనుకు హెడింగ్ స్టైల్ ఇస్తే పేజీ మొత్తం లావెక్కిపోయేది. స్టైల్ మార్చా, కొత్త ఫైల్ తెరిచా, లాభం లేదు.

చివరికి కంట్రోల్ ఎఫ్10 నొక్కి దాగి ఉన్న గుర్తులు చూస్తే, లైను చివర పేరా గుర్తు బదులు వంకర బాణం, అంటే లైన్ బ్రేక్ (పేరా మారకుండా లైను మాత్రమే మారడం)! అంటే రైటర్ లెక్కలో పేజీ అంతా ఒకటే పేరా. కంట్రోల్ హెచ్‌తో వెతికి మార్చే (ఫైండ్ అండ్ రీప్లేస్) బాక్స్ తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్‌కి టిక్ పెట్టి, రెండు గడుల్లోనూ ఒకటే రాశా: బ్యాక్‌స్లాష్, పక్కనే చిన్న ఎన్. (ఒకటే రాస్తే ఏం మారుతుందని నాకూ అనిపించింది, కానీ వెతికే గడిలో అది లైన్ బ్రేక్, మార్చే గడిలో పేరా.) రీప్లేస్ ఆల్ కొట్టి, అంతా సెలెక్ట్ చేసి, పాత ఫార్మాటింగ్ తీసేసే కంట్రోల్ ఎం నొక్కాక హెడింగ్ ఆ లైనుకే పడింది.

కంట్రోల్ ఎం నొక్కితే బోల్డ్, ఇటాలిక్ కూడా పోతాయి, ముందే కాపీ దాచుకోండి. పద్యాలుంటే రీప్లేస్ ఆల్ జోలికి పోవద్దు, ప్రతి పాదం వేరే పేరా అయిపోతుంది. మీకు బాణాలు కనబడకపోతే మాత్రం సమస్య వేరే అయ్యుండొచ్చు.