స్వెట్టర్ల కొట్లు ఉండగానే: తిరుపతిలో టిబెట్ కోసం ఒక గంట

టిబెట్ కోసం ఏదైనా చేద్దామంటే అందరికీ గుర్తొచ్చే తేదీ మార్చి 10. 1959లో ఆ రోజే టిబెట్ రాజధాని లాసా జనం చైనా పాలన మీద తిరగబడ్డారు. కానీ తిరుపతికి ఆ తేదీ కుదరదు. చలికాలంలో స్వెట్టర్లు అమ్మడానికి కర్ణాటకలోని టిబెటన్ శరణార్థుల ఊరు బైలకుప్పె నుంచి వచ్చే టిబెటన్లు సంక్రాంతి దాటాక మూటలు కట్టేస్తారు. మార్చిలో పెడితే టిబెటన్లు లేని టిబెట్ సభ అవుతుంది. మొదటిసారి నేను చేసిన ఘనకార్యం అదే. వచ్చింది పదకొండు మంది, అందులో ఇద్దరు టీ కోసం.

అందుకే డిసెంబర్ 10 పెట్టుకోండి. మానవ హక్కుల దినం, పైగా 1989లో దలైలామా నోబెల్ శాంతి బహుమతి అందుకున్న రోజు. కొట్లూ ఉంటాయి, వాళ్ళూ ఉంటారు.

ముందు కొట్టు దగ్గరికెళ్ళి మాట్లాడండి, ఫ్లెక్సీ సంగతి తర్వాత. వాళ్ళలో చాలామంది ఇండియాలోనే పుట్టారు, అయినా చేతిలో ఉండేది ఆర్‌సీ. మన బండి ఆర్‌సీ కాదు, విదేశీయుడిగా నమోదైన కాగితం. దాన్ని రెన్యువల్ చేయించుకుంటూ ఉండాలి. పోలీస్ స్టేషన్ అంటే వాళ్ళకుండే టెన్షన్ మనకుండదు. కాబట్టి పర్మిషన్ అర్జీ మీ పేరుతో, మీ ఆధార్ జిరాక్స్ పెట్టి ఇవ్వండి. ఊరేగింపు అనే మాట రాయొద్దు. ‘ముప్పై మందిమి, ఒక గంట, మైకు లేకుండా దీపాలు పెట్టి నిలబడతాం’ అని రాయండి, చాలు. కొండ మీద మాత్రం ఆలోచనే వద్దు. అక్కడ రాజకీయ ప్రసంగాలు నిషేధం.

ఇక జెండా. నాది బాలాజీ కాలనీలో చిన్న డీటీపీ షాపు, కాబట్టి డిజైన్ నేనే చేశా. మంచుకొండ, దాని మీద రెండు మంచు సింహాలు, వెనక సూర్యుడు, ఆరు ఎర్ర చారలు, ఆరు నీలం చారలు, పసుపు అంచు. అంచు మూడు వైపులే కనిపిస్తే ఫైల్ కట్ అయిందనుకుని నాలుగో వైపు కూడా నీట్‌గా గీసిపెట్టా. ఫ్లెక్సీ విప్పి చూపిస్తే స్వెట్టర్ల అక్క ఏమీ అనలేదు. కాసేపాగి కుడి అంచు మీద గోటితో కిందిదాకా గీసి, “ఇక్కడ గోడ లేదన్నా” అంది. పసుపు అంచు బుద్ధుడి బోధకు గుర్తు. తెరిచి ఉన్న వైపు, ఇతరుల ఆలోచనలకూ చోటుందని చెప్పడానికి. ఆ ఆరడుగుల ఫ్లెక్సీ ఇప్పుడు మా షాపు వెనక పేపర్ బండిళ్ళ మీద కప్పి ఉంది.

ప్లకార్డుల మీద ఏం రాయాలో కూడా వాళ్ళనే అడగండి. మనవాళ్ళు ఊపులో ‘చైనా డౌన్ డౌన్’ అంటారు. మన సరిహద్దు కోపం వేరు, వాళ్ళ బాధ వేరు. దలైలామా అడిగేది చైనాలోనే ఉంటూ నిజమైన స్వయంప్రతిపత్తి. స్వాతంత్ర్యమే కావాలనే టిబెటన్లూ ఉన్నారు. మధ్యలో మనం తీర్పు చెప్పేదేముంది? మేమైతే ఒక్క ప్రశ్నే రాశాం: ‘గెదున్ చోకీ నీమా ఎక్కడ?’ 1995 మే 14న ఆ ఆరేళ్ళ పిల్లాడిని పంచెన్ లామాగా, అంటే టిబెటన్ బౌద్ధంలో తన తర్వాత అంత పెద్ద గురువుగా, దలైలామా ప్రకటించారు. మూడు రోజులకే చైనా అధికారులు అతన్నీ అమ్మానాన్నల్నీ తీసుకెళ్ళిపోయారు. తర్వాత బయటివాళ్ళెవరికీ కనిపించలేదు. అదే ప్రశ్న అర్ధ రూపాయి పోస్టుకార్డు మీద మన ఎంపీకి రాయండి. చేత్తో రాయండి, జిరాక్స్ వద్దు. జిరాక్స్ షాపువాడిని నేనే చెప్తున్నా.

దారిన పోయేవాళ్ళు “మనకేం పని సామీ?” అంటారు. 2006 జనవరిలో దలైలామా మన అమరావతికొచ్చి కాలచక్ర అనే పెద్ద బౌద్ధ దీక్షా కార్యక్రమం జరిపారని, మన బౌద్ధాచార్యుడు నాగార్జునుడి గ్రంథాలు వాళ్ళ మఠాల్లో ఇప్పటికీ చదువుతారని చెప్పండి. ఆగి వింటారు.

ఫోటోలు వెనక నుంచే తీయండి. చేతులు, దీపాలు పడితే చాలు. అవతల టిబెట్‌లో ఎవరి చెల్లెలు, ఎవరి మేనమామ ఉన్నారో మనకు తెలీదు. ఇక్కడి ముఖం వల్ల అక్కడివాళ్ళకు ఇబ్బంది రావచ్చు. వాట్సాప్ గ్రూపులో వీడియో పడేసే అత్యుత్సాహవంతుడు ప్రతి ఊళ్ళో ఒకడుంటాడు, వాడికి ముందే చెప్పి ఉంచండి.

వాళ్ళు వెన్నదీపాలు పెడతారు. మనకు మట్టి ప్రమిదలు, నెయ్యి సరిపోతాయి. రోడ్డు గాలికి ఆరిపోకుండా సగానికి కోసిన అట్టపెట్టెల్లో పెట్టండి. అయిదున్నరకు మొదలుపెట్టి ఆరున్నరకల్లా తీసేయండి, ఏడు నుంచి వాళ్ళకు బేరాల వేళ.