గుట్ట మీద చెట్లు అక్షింతలు చల్లినట్టు ఉన్నాయా?

మా దగ్గర కొత్తగా చేరిన పిల్లలు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో గుట్ట చేసి, చెట్లు వేసి తెచ్చి చూపిస్తారు. చెట్టు మోడల్‌కి వంక పెట్టలేం. అయినా ఎక్కడో తేడా కొడుతుంది.

సమస్య: ఒకచోట చెట్టులోకి చెట్టు దూరింది, పక్కనే బోసిగా ఉంది.
కారణం: చెట్లు నిలబడే పాయింట్లను గుట్ట మీద చల్లే డిస్ట్రిబ్యూట్ పాయింట్స్ ఆన్ ఫేసెస్ నోడ్ రాండమ్‌లో ఉంది. అది పక్క పాయింట్ ఎంత దూరంలో ఉందో చూడదు.
పరిష్కారం: పాయింట్ల మధ్య కనీస దూరం ఉంచే పాయ్‌సాన్ డిస్క్‌కి మార్చండి. డిస్టెన్స్ మిన్‌లో చెట్టు కొమ్మలు పరుచుకున్న వెడల్పు కన్నా కాస్త తక్కువ ఇవ్వండి. అడవిలో కొమ్మలు ఒకదానికొకటి రాసుకుంటూనే ఉంటాయి కదా.

సమస్య: ఇప్పుడేమో మామిడితోటలా ఉంది.
అందరూ ఆగిపోయేది ఇక్కడే. వెంటనే అడ్డదిడ్డంగా మచ్చలు వేసే నాయిస్ టెక్స్చర్ తగిలిస్తారు. తోటకు అక్కడక్కడా చిల్లులు పడతాయి, అంతే. అసలు కారణం, చెట్టు అక్కడ ఎందుకు మొలిచిందో మనం అడగకపోవడం.

ఒక ఆదివారం పొద్దున హైదరాబాద్‌లోని ఖాజాగూడ గుట్టల దగ్గరికి వెళ్లి చూడండి. నున్నటి బండ మీద ఏమీ ఉండదు. వాన నీళ్లు, వాటితో కొట్టుకొచ్చిన మట్టి గుండ్ల సందుల్లో ఆగుతాయి, పచ్చదనమంతా అక్కడే. పిట్టల రెట్టతో వచ్చిన రావి గింజ బండ నెర్రెలో వేరు దించుతుంది. సీతాఫలం రాళ్ల మధ్యనే బతికేస్తుంది. మట్టి లోతున్న దిగువన వేప, తుమ్మ. ఈత, తాటి కావాలంటే చెరువు గట్టు దాకా దిగాల్సిందే.

అందుకే ఎక్కడ ఎంత ఒత్తుగా రావాలో చెప్పే డెన్సిటీ ఫ్యాక్టర్‌కి ముందు వాలు ఇవ్వండి. నార్మల్‌లో (నేల ఎటు చూస్తుందో చెప్పే దిశ) జెడ్ విలువ, అంటే పైకి ఉన్న భాగం, 0.8 కన్నా తగ్గిందంటే వాలు సుమారు 37 డిగ్రీలు దాటినట్టే, అక్కడ పెద్ద చెట్లు కోసేయండి. తర్వాత దూరం కొలిచే జామెట్రీ ప్రాక్సిమిటీ నోడ్‌తో గుండ్ల అంచుల దగ్గర చెట్లు పెంచండి. ఒక్కో జాతికి, ఎక్కడ మొలవాలో చెప్పే ఒక్కో మాస్క్. నాయిస్ అన్నిటికన్నా చివర, అదీ కొంచెమే.

సమస్య: అన్నీ ఒకే ఈడు చెట్లు.
కారణం: స్కేల్ 0.8 నుంచి 1.2 మధ్య సమానంగా పంచారు. అడవిలో పిల్ల మొక్కలే ఎక్కువ, మహావృక్షాలు తక్కువ.
పరిష్కారం: 0–1 రాండమ్ విలువను పవర్ 3కి పెంచి, ఆ తర్వాత స్కేల్‌కి ఇవ్వండి. చాలా విలువలు కిందికి దిగిపోతాయి.

సమస్య: వాలు మీద చెట్లు పడిపోతున్నట్టు ఒరిగాయి.
పాయింట్లు చల్లే నోడ్ నుంచి వాలును బట్టి వచ్చే రొటేషన్ తీగ, పాయింట్ల మీద చెట్లు నిలబెట్టే ఇన్‌స్టాన్స్ ఆన్ పాయింట్స్ నోడ్‌లోకి నేరుగా వెళ్లింది, పీకేయండి. గుట్ట ఎంత వాలినా చెట్టు ఆకాశం వైపే పెరుగుతుంది. జెడ్ చుట్టూ మాత్రం 360 డిగ్రీల్లో ఎటైనా తిప్పండి.

సమస్య: ఫైల్ కదలట్లేదు.
ఎవరో, ప్రతి నకలు చెట్టునూ అసలు మోడల్‌గా మార్చేసే రియలైజ్ ఇన్‌స్టాన్సెస్ నోడ్ పెట్టారు. ఎవరో ఏంటి, మీరే. తీసేయండి.