కోళ్ల షెడ్డు అమ్మోనియాను రంగుతో పట్టే పాలీఅనిలీన్ సెన్సర్ ఇలా చేయండి

వరంగల్, హనుమకొండ, కరీంనగర్‌లో ఎమ్మెస్సీకో బీటెక్‌కో ప్రాజెక్టు వెతుక్కుంటున్నవాళ్ల కోసం రాస్తున్నా. మన దగ్గర కోళ్ల షెడ్లకు కొదవ లేదు. లిట్టర్ (షెడ్డు నేల మీద పరిచే పొట్టు) తడిస్తే అమ్మోనియా కళ్లు మండిస్తుంది, కానీ రోజూ అందులోనే తిరిగేవాళ్ల ముక్కు ఆ వాసనకు అలవాటు పడిపోతుంది. 25 పీపీఎం (గాలిలో పది లక్షల వంతుల్లో 25 వంతులు) దాటనివ్వొద్దని అంటారు గానీ ముక్కుతో అది తేలదు.

పాలీఅనిలీన్ కరెంటు పారే పాలిమర్. యాసిడ్ పట్టి ఉన్నంతసేపు ఆకుపచ్చగా ఉంటుంది, అమ్మోనియా వచ్చి దాని ప్రోటాన్లు లాక్కుంటే నీలంలోకి మారుతుంది. మనకు కావాల్సింది ఈ మార్పే.

తయారీ సులువు. 2.59 గ్రాముల అనిలీన్ హైడ్రోక్లోరైడ్, 2 గ్రాముల పీవీపీ (పాలీవినైల్ పైరోలిడోన్, నీళ్లలో కరిగే పాలిమర్) కలిపి 50 మి.లీ. నీళ్లలో కరిగించండి. ఇంకో 50 మి.లీ. నీళ్లలో 5.71 గ్రాముల అమ్మోనియం పెర్‌సల్ఫేట్ కరిగించండి, అనిలీన్‌ను పాలీఅనిలీన్‌గా మార్చేది ఇదే. శుభ్రంగా కడిగిన గాజు స్లైడ్లు బీకరులో నిలబెట్టి రెండు ద్రావణాలూ అందులో కలిపేయండి. పీవీపీ లేకపోతే పొడి ముద్దలు కట్టి స్లైడ్‌కు అతుక్కుంటుంది, ఉంటే పూత నున్నగా వస్తుంది. కలిపాక వేడెక్కుతుంది కాబట్టి మే నెల ఎండల్లో చేస్తే బీకరు చుట్టూ ఐస్ పెట్టండి, పరిమాణం పెంచొద్దు. గంట తర్వాత తీసి పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్‌తో కడిగి ఆరబెట్టాలి. అనిలీన్ లవణం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోయే విషం, గ్లవ్స్, ఫ్యూమ్ హుడ్ (ల్యాబ్‌లో ఆవిర్లను బయటికి లాగేసే అర) లేకుండా ముట్టుకోవద్దు. ఇంట్లో అసలే వద్దు.

చాలామంది ఇక్కడితో ఆగి రంగు మారిన ఫోటో రిపోర్టులో అతికిస్తారు. అది సెన్సర్ కాదు, రంగు కాగితం. అసలు పని ఆ రంగును కొలవడంలో ఉంది. స్లైడ్‌కు ఒకవైపు రెండు ఎల్‌ఈడీలు పెట్టండి, 630 నానోమీటర్ల ఎరుపు ఒకటి, 850 నానోమీటర్ల ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్, కంటికి కనపడని కాంతి) ఒకటి. అవతలివైపు వెలుగును కొలిచే ఫోటోడయోడ్. నీలం అవుతున్నకొద్దీ ఎరుపు వెలుగు తక్కువగా దాటుతుంది, ఐఆర్ ఎక్కువగా దాటుతుంది, కాబట్టి రెండింటి నిష్పత్తి చూస్తే మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పైగా దుమ్ము పడితే రెండూ దాదాపు ఒకేలా తగ్గుతాయి కనుక నిష్పత్తి పెద్దగా కదలదు. చవకగా వస్తుందని ఎల్‌డీఆర్ (వెలుగును బట్టి నిరోధం మారే భాగం) కొనకండి, దానికి ఐఆర్ సరిగా కనపడదు. నల్ల ప్లాస్టిక్ ఫోటోడయోడ్ కూడా వద్దు, అది ఎరుపును ఆపేస్తుంది, పారదర్శకంగా ఉన్నదే అడగండి. ఎల్‌ఈడీలు రెండూ ఆర్పి ఒక రీడింగ్ తీసి మిగతావాటి నుంచి తీసేస్తే షెడ్డులోకి పడే ఎండ గోల కూడా పోతుంది.

గాలిలో తేమ మారితే రీడింగ్ కూడా మారిపోతుంది, వానాకాలంలో మరీ. పక్కన తేమ సెన్సర్ ఒకటి పెట్టి ఎండరోజు, ముసురురోజు వేర్వేరుగా క్యాలిబ్రేట్ చేయండి, అంటే తెలిసిన మోతాదు అమ్మోనియాతో రీడింగ్‌ను సరిచూసుకోండి. స్లైడ్ ఆకుపచ్చకు తిరిగి రాకపోతే పలచని యాసిడ్‌లో ముంచి ఆరబెట్టండి. ఒకే బీకరులో నాలుగైదు స్లైడ్లు చేసి పెట్టుకోండి, కొత్త బ్యాచ్ అయితే క్యాలిబ్రేషన్ మళ్లీ మొదటి నుంచీ చేయాలి.