చిన్న బడిలో చదువు ఎలా ఉందో చూడాలంటే

ఆనందపురం, పద్మనాభం మండలాల్లో పాతికేళ్లు మాస్టారుగా పనిచేశాను. "మాస్టారూ, మా ఊరి బడిలో పాతిక మందే పిల్లలు. అక్కడ చదువు బాగుంటుందంటారా?" అని ఇప్పటికీ ఫోన్ చేసి అడుగుతుంటారు. ఒక పూట వెళ్లి కూర్చుంటే మీకే తెలుస్తుంది. ముందుగా హెచ్.ఎం. గారికి చెప్పి వెళ్లండి. తనిఖీ అనుకుని టీచర్ టెన్షన్ పడితే, రోజూ బడి ఎలా నడుస్తుందో మీకు కనపడదు.

మొదట చదివించండి, కానీ పాఠ్యపుస్తకం వద్దు. ఒకసారి మూడో తరగతి పాప పాఠం గడగడా చదివేసింది. వేలు రెండో వరస మీదే ఉంది, నోరు మాత్రం నాలుగో వరస దాటింది. మధ్యలో ఒక మాట చూపించి "ఇదేంటమ్మా?" అన్నాను. పాపం, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది. మొత్తం కంఠస్థమే. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అందుకే ఒత్తులు, గుణింతాలు కలిసేలా నాలుగు వాక్యాలు మీరే కాగితం మీద రాసి తీసుకెళ్లండి. వెనక కూర్చున్నవాళ్లతో, తరచూ నాగా పెట్టేవాళ్లతో తప్పకుండా చదివించండి. వాక్యం రాకపోతే మాట, మాట రాకపోతే అక్షరం. దేశంలోని పల్లె పిల్లలకు చదవడం, లెక్కలు ఎంత వచ్చో చూసే 'అసర్' సర్వేలో 2005 నుంచి పిల్లల చదువును ఇలా మెట్లుమెట్లుగానే చూస్తున్నారు.

తర్వాత 52లోంచి 28 తీసేయమనండి. పిల్లాడు 36 అని రాస్తే, 2లోంచి 8 పోదని తిరగేసి 8లోంచి 2 తీసేశాడన్నమాట. వాడికి పదులు, ఒకట్లు మళ్లీ మొదటి నుంచి చెప్పాలి.

చిన్న బడిలో అసలు కష్టం వేరే ఉంది. విద్యాహక్కు చట్టం లెక్కన 60 మంది వరకు ఇద్దరు టీచర్లు, తరగతులేమో అయిదు. మూడో తరగతికి పాఠం చెబుతుంటే ఒకటో తరగతి ఏం చేస్తోందో గమనించండి. పలక మీద అదే అక్షరం గంటసేపు దిద్దుతుంటే ఆ గంట పోయినట్టే. ఒక బడిలో ఒకటో తరగతి పిల్లలు చింతపిక్కలు పదేసి కుప్పలు పోస్తున్నారు, అయిదో తరగతి పిల్ల మధ్యమధ్య వచ్చి సరిచూసి వెళ్తోంది. గోడలకు రంగు లేదు గానీ, నా మనవల్ని అక్కడే చేర్పించేవాణ్ణి. ఒక టీచర్ సెలవు పెడితే ఆ రోజు ఎలా గడుస్తుందో కూడా అడగండి.

నోటుపుస్తకాల్లో టిక్కులు లెక్కపెట్టకండి. తప్పు దిద్దాక పిల్లాడు దాన్ని సరిగ్గా తిరగరాశాడా అన్నది చూడండి. హాజరు పట్టీలో సంఖ్య, భోజనానికి కూర్చున్న తలలు సరిపోవాలి. మరుగుదొడ్డి తలుపు తెరిచి చూడండి, నీళ్లున్నాయో లేదో తెలుస్తుంది.

చూసినవన్నీ ముందు టీచర్‌కే, విడిగా, మర్యాదగా చెప్పండి. ఆ తర్వాత తల్లిదండ్రుల కమిటీలో పెట్టండి. విద్యాహక్కు చట్టం ప్రకారం అందులో కనీసం ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలి, కాబట్టి మాట్లాడే హక్కు మీకుంది. రెండు నెలలాగి, కొత్త వాక్యాలు రాసుకుని, మళ్లీ ఆ పిల్లల దగ్గరికే వెళ్లండి.